నీటిరంగులలో మన కొండలు, మన మంచు



గ్రంథాలయముయొక్క రజతోత్సవములో పుస్తకములను గురించి మాటాడుట పరిపాటి. కార్యవర్గమువారు మాత్రము నన్ను చిత్రలేఖనమును గురించి, అందును నీటిరంగులతో ప్రకృతిదృశ్యములను వ్రాయు విద్యను గురించి మాటాడుమని కోరిరి. 25 సంవత్సరములుగా ఈ గ్రంథాలయము అక్షరముల ద్వారా లోకమును మన యూరికి తెచ్చుచున్నది. మన యూరిని మనమే చూచుకొనుటకును, రాబోవువారికి చూపుటకును అక్షరములతోపాటు మరియొక సాధనము కూడ కలదని మనవి చేయుటయే నా ఉపన్యాసమునకు తాత్పర్యము.

మొదట విషయమును స్పష్టపరచుకొందము. ప్రకృతిదృశ్యమనగా కొండ, చెట్టు, చెరువు, ఇల్లు మాత్రమేయని మనము తలచెదము. బడిపిల్లవానికి కాగితమిచ్చి ఒక దృశ్యమును వ్రాయుమన్నచో రెండు కొండలను త్రికోణములుగా గీసి, వాని నడుమ సగము సూర్యుని నిలిపి, ఒక కొబ్బరిచెట్టును నాటి, ఒక ఏటిని పారించును. చిత్తూరు పిల్లవాడును ఇట్లే గీయును. శ్రీకాకుళము పిల్లవాడును ఇట్లే గీయును. అది కొండ యను మాటకు బొమ్మయే గాని కన్నులయెదుట నున్న కొండకు బొమ్మ కాదు. ఎదుటి కొండకును మన కన్నులకును నడుమ ఒకటి కలదు. అది గాలి. ఆ గాలిలో తేమ కలదు, ధూళి కలదు, పొగ కలదు, వెలుతురు కలదు. ఈ నడుమ నున్నదానిని కాగితముమీదికి తెచ్చుటయే నేడు నేను చెప్పబోవు విద్య.

మన బంగారుపాళ్యమునుండి పడమటగా, మొగిలి కనుమ వైపు చూడుడు. దగ్గరి మామిడితోపు నల్లనిపచ్చగా నుండును. దానివెనుకటి గుట్టమీదను చెట్లే కలవు, అవియును పచ్చనివే, కాని మన కంటికి అవి నీలము కలిసిన పచ్చగా తోచును. దాని వెనుకటి కొండ నీలముగా నుండును. అన్నిటికంటె దూరపు కొండ ఆకాశములో కలిసిపోవునంత పలుచగా నుండును. చెట్లు మారలేదు, ఆకులు మారలేదు. నడుమనున్న గాలియొక్క మందము మారినది. ఆంగ్లశాస్త్రజ్ఞుడు రేలీ ప్రభువు 1871లో దీనికి కారణమును గణితముతో నిరూపించెను. గాలిలోని అతిసూక్ష్మకణములు తెలుపు వెలుతురులోని నీలపు భాగమును ఎక్కువగా చెదరగొట్టును. ఎరుపు భాగమును తక్కువగా చెదరగొట్టును. ఆ చెదరిన నీలమే ఆకాశమునకును దూరపు కొండకును రంగగుచున్నది. మంచులోని నీటిబిందువులు అంతకంటె ఎన్నో రెట్లు పెద్దవి. అవి అన్ని రంగులను ఒకే తీరున చెదరగొట్టును. కనుకనే మంచు తెల్లగా నుండును. ఇటలీ చిత్రకారుడు లియొనార్డో డా వించి (1452–1519) ఈ గణితము పుట్టుటకు మూడువందల ఏండ్లకు పైబడిన పూర్వమే, దూరము పెరిగినకొలది కొండ నీలమగునని తన వ్రాతపుస్తకములలో వ్రాసికొనెను. చూపు ముందు, శాస్త్రము తరువాత.

ఇది మనకు క్రొత్తయా, పాతయా యని మీరడుగవచ్చును. మన కవులకు ఇది పాతయే. ప్రబంధములలో అష్టాదశవర్ణనలలో పర్వతము, సముద్రము, ఋతువులు, సూర్యోదయము, చంద్రోదయము చేరినవి. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో వర్షర్తువును వర్ణించిన తీరు తెలుగు చదివినవారికెల్ల తెలిసినదే. విష్ణుధర్మోత్తర పురాణములోని చిత్రసూత్రము, అలలను, మంటను, పొగను, గాలికాడు పతాకములను వాయువుయొక్క గతి ననుసరించి వ్రాయగలవానినే మేటి చిత్రకారునిగా నెన్నినది. అనగా కంటికి కనబడని గాలిని వ్రాయుటయే పరీక్షయని మన ప్రాచీనులే చెప్పిరి. కాని మన చిత్రములలో ప్రకృతి ఎప్పుడును కథకు వెనుక నిలిచినది. లేపాక్షి కప్పుమీది పదునారవ శతాబ్దపు చిత్రములందును, మన పొరుగున శ్రీకాళహస్తి కలంకారీ వస్త్రములందును రేఖయే రాణి. దేవతలు, రాజులు, స్త్రీలు ముందుండగా చెట్టు ఒక ఆనవాలుగా నిలుచును. కొండమీది మంచునే నాయకునిగా జేసి చిత్రము వ్రాసినవారు ఆ సంప్రదాయములో కనబడరు. అది లోపమని నేననను. వారి ధర్మము వేరు. కాని కవి చేసిన పనిని మన దేశమున చిత్రకారుడు చేయుట చాల ఆలస్యమైనది.

నీటిరంగుల దృశ్యచిత్రణము మన సీమకు యుద్ధముతో వచ్చినది. 1791 ఫిబ్రవరిలో కారన్‌వాలిస్ ప్రభువు టిప్పు సుల్తానుమీదికి సైన్యమును నడిపించుచు ఆంబూరు వైపు పోవునట్లు నటించి, చిత్తూరు మీదుగా వచ్చి, మన మొగిలి కనుమను ఎక్కి మైసూరు పీఠభూమిని చేరెను. మార్చి 21వ తేదీన బెంగుళూరు కోట పడిపోయెను. ఆ యుద్ధకాలమున రాబర్టు హోము అను చిత్రకారుడును, కోల్‌బ్రూకు, అలెగ్జాండరు ఆలన్ అను సేనాధికారులును మైసూరు రాజ్యపు కొండలను, కోటలను వ్రాసిరి. వారి చిత్రములు 1794 ప్రాంతమున లండనులో అచ్చుపడెను. థామస్ డేనియల్, అతని అన్నకుమారుడు విలియం 1792–93లో దక్షిణదేశ యాత్ర చేసి, కాగితముమీద నీటిరంగులతో వ్రాసికొనిపోయిన దృశ్యములను తరువాత లండనులో ముద్రించిరి. నీటిరంగుల పెట్టె తేలిక; త్వరగా ఆరును; గుఱ్ఱముమీద కొనిపోవచ్చును. కనుక సైనికునికి, భూమి కొలుచువానికి అది అనువైన సాధనమైనది. ఆ చిత్రములలో కొన్ని అందమైనవే. అయినను వానిలో కొండను చూచిన కన్ను దారి వెదకుకొనుచున్న పరదేశి కన్ను. ఆ కొండక్రింద పుట్టి, ఆ కొండమీద మేకలను మేపి, ఆ కొండమీది మబ్బును చూచి విత్తనము చల్లినవాని కన్ను కాదు. ఆ రెండవ కన్నుతో వ్రాసిన చిత్రము మనకింకను రావలసియున్నది.

ఇంగ్లండులో ఈ విద్య పెరిగిన చరిత్రలో ఒక ముచ్చట గ్రంథాలయ సభకు తగినది. 1802లో లండను నగరమున కొద్దిమంది మిత్రులు కూడిన ఒక చిన్న పఠనసంఘములో ల్యూక్ హోవార్డు అను మందుల తయారీదారుడు మేఘములను గురించి ఒక ఉపన్యాసము చదివెను. దూదిగుట్టవలె పేరుకొను మేఘము, పొరలుగా పరచుకొను మేఘము, ఈకవలె సన్నగా నుండు మేఘము అని విభజించి వానికి పేర్లు పెట్టెను. నేటికిని లోకములోని వాతావరణశాస్త్రజ్ఞులందరు ఆ పేర్లనే వాడుచున్నారు. చిన్న సంఘములో చదివిన వ్యాసముయొక్క ఫలమది. తరువాత 1821, 1822 సంవత్సరములలో కాన్‌స్టబుల్ అను చిత్రకారుడు హాంప్‌స్టెడ్ గుట్టమీద నిలిచి ఆకాశమును మాత్రమే పెక్కు సారులు వ్రాసెను. అవి తైలవర్ణములే గాని మనకు కావలసిన పాఠము వానిలో కలదు. అతడు చిత్రమువెనుక తేదీని, గంటను, గాలి వీచిన దిక్కును వ్రాసి పెట్టెడివాడు. ఈ సంగతిని జ్ఞప్తియందుంచుకొనుడు. చివర దీనితో పనియున్నది. ఆ కాలపువాడే టర్నరు (1775–1851) తడికాగితముమీద రంగును ప్రవహింపజేసి, గుడ్డతో అద్ది, గోటితో గీకి, పొగమంచును, తుపానును, సూర్యకాంతిని కాగితముమీద నిలిపెను.

మన దేశమున 1903లో జపాను చిత్రకారులు తైకాన్, హిషిదా కలకత్తాకు వచ్చిన పిమ్మట అవనీంద్రనాథ ఠాకూరు (1871–1951) ఒక పద్ధతిని సాధించెను. చిత్రమునకు రంగు వేసి, నీట తడిపి, ఆరబెట్టి, మరల రంగు వేయుచు, అంచులు కరగి అంతయు ఒక సంధ్యాకాంతిలో మునిగినట్లు చేయుటయే ఆ పద్ధతి. ఈ వంగచిత్రకళను దక్షిణదేశమున ప్రచారము చేసినవారిలో ముఖ్యుడు జేమ్సు కజిన్సు. ఆయన మన సీమవాడే యనవచ్చును; మదనపల్లెలోని దివ్యజ్ఞాన కళాశాలకు ప్రధానాచార్యుడుగా నుండెను. 1919లో రవీంద్రుడు ఆయన యతిథిగా మదనపల్లెలో విడిసి, జనగణమన గీతమును ఆంగ్లములోనికి మార్చిన సంగతి మీరెరుగుదురు.

తెలుగునాట ఈ విద్యకు తొలి వెలుగు రాజమహేంద్రవరము. అచ్చటి ప్రభుత్వ కళాశాలకు ప్రధానాచార్యుడైన ఆస్వాల్డు కూల్డ్రే తానును నీటిరంగుల చిత్రకారుడు. ఆయన విద్యార్థులను గోదావరిమీదికి కొనిపోయి నది చూపించెడివాడు. దామెర్ల రామారావు, అడివి బాపిరాజు ఆయన చేరదీసిన విద్యార్థులే. రామారావు 1897లో జన్మించి, ఆ గురువు ప్రోత్సాహమున 1916లో బొంబాయి జె.జె. కళాశాలలో చేరి విద్యను ముగించుకొని, రాజమహేంద్రవరమునకు మరలివచ్చి చిత్రకళాశాలను నెలకొల్పెను. మనుష్యుల చిత్రములే గాక నీటిరంగులతో దృశ్యచిత్రములను కూడ వ్రాసెను. 1925 ఫిబ్రవరిలో మశూచి సోకి, ఇరువదియెనిమిది నిండకుండనే కన్ను మూసెను. మిత్రులు, ఆత్మీయులు ఆయన చిత్రములను భద్రపరచినందున నేటికిని రాజమహేంద్రవరమున ఆయన పేరిటి చిత్రశాలలో వానిని చూడవచ్చును. ఇందు రెండు నీతులు కలవు. ఒకటి, గురువు శిష్యులను పుస్తకమునొద్దకే గాక నదియొద్దకును కొనిపోయెను. రెండవది, చిత్రకారుడు పోయినను చిత్రములు నిలిచినవి; నిలుపుకొన్నవారుండుటచేతనే నిలిచినవి. మదరాసు కళాశాలలో చదివిన కె. సి. ఎస్. పణిక్కరు (1911–1977) కూడ తన తొలిదశలో కేరళపు కాలువలను, కొబ్బరితోటలను నీటిరంగులతో వ్రాసియే పేరు పొందెను. తన యూరి నీటిని తాను వ్రాయుట చిన్నపని కాదని దీనివలన తెలియుచున్నది.

ఇక విద్యయొక్క మర్మమునకు వత్తము. నీటిరంగనగా మెత్తగా నూరిన రంగుపొడిని తుమ్మజాతి చెట్టు బంకతో కలిపినది. నీటితో పలుచన చేసి పూసినచో రంగు కాగితముమీద సన్నని పొరయై నిలుచును. వెలుతురు ఆ పొరను దాటి తెల్లకాగితమును తాకి, మరల రంగులోగుండ మన కంటికి వచ్చును. కనుక ఇందు తెలుపురంగు కాగితమే. తైలవర్ణములలో చీకటిమీద వెలుతురును పూయవచ్చును. ఇచ్చట అట్లు చేయరాదు. వెలుతురును ముందే విడిచిపెట్టవలెను. మంచును వ్రాయుట యనగా చాలవరకు వ్రాయకుండుటయే. మన స్త్రీలు ముగ్గు వేయునపుడు చుక్కల నడుమ నేలను విడిచినట్లు, చిత్రకారుడు కాగితమును విడిచి మంచును పుట్టించును.

రంగులు ఎన్ని కావలెను? అంగడిలో ఇరువదినాలుగు రంగుల పెట్టెలు దొరకును. మూడు చాలును: అల్ట్రామెరీన్ నీలము, పచ్చమన్ను రంగు, కాల్చిన సియెన్నా యను ఎర్రమన్ను రంగు. నీలమును ఎర్రమన్నును కలిపినచో వానమబ్బు బూడిదవర్ణము వచ్చును. వానికే పచ్చమన్ను చేర్చినచో మామిడాకు ముదురుపచ్చ వచ్చును. అదే మిశ్రమమున నీరు పెంచి, నీలము పెంచినచో దూరపు గుట్ట వచ్చును. అన్నియు ఒకే కుటుంబములోనివి యగుటచే చిత్రమునకు ఒకే వెలుతురు అమరును. రంగును ఎన్నుకొనుటలో నిలుకడను కూడ చూడవలెను. ఒకనాడు కడపసీమలో పండిన నీలిమందు వస్త్రమునకు గొప్ప రంగే గాని కాగితముమీద పలుచగా పూసినచో ఎండకు వెలిసిపోవును. పూర్వపు ఆంగ్లచిత్రకారులు మేఘముల కొరకు నీలిమందును ఎర్రమన్నును కలిపి వాడిరి. కాలక్రమమున నీలిమందు మాసిపోగా వారి మేఘములు కొన్ని ఎర్రబారి మిగిలినవి.

కాగితము ప్రత్తిగుజ్జుతో చేసినదైనచో మేలు. చదరపు మీటరునకు 300 గ్రాములు తూగు మందమున్నచో నీరు పట్టినను ముడుచుకొనదు. కొయ్యగుజ్జుతో చేసిన మామూలు నోటుపుస్తకపు కాగితము కొద్ది యేండ్లకే పసుపువారును. అభ్యాసమునకు మాత్రమే పనికివచ్చును. కుంచెల విషయమున ఒక హెచ్చరిక. ముంగిసవెంట్రుకల కుంచెలు కొనరాదు; 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టముచే ఆ వ్యాపారము నిషిద్ధము. నైలాను కుంచెలు రెండు, ఒకటి వెడల్పైనది, ఒకటి మొన గలది, చాలును.

ఇప్పుడు ముఖ్యమైన మాట. ఈ విద్యలో కష్టమంతయు చేతిలో లేదు. తడిని కనిపెట్టుటలో నున్నది. మన గానుగలయొద్ద బెల్లము వండువారిని మీరు చూచియున్నారు. చెరకురసము పెనములో కాగుచుండగా వండువాడు గడియారమును చూడడు. నురుగును, పొంగును, పాకము పదునును చూచును. ఒక నిమిషము ముందు దించినచో బెల్లము గట్టిపడదు. ఒక నిమిషము ఆలస్యమైనచో మాడును. కాగితమునకును ఇట్టి పదునే కలదు. అందు నాలుగు దశలు కలవు. నీరు నిలిచి తళతళలాడుచున్నపుడు రంగు వేసినచో అది ఇష్టము వచ్చినట్లు పారును; ఆకాశమునకు ఇది తగును. తళుకు తగ్గి, కాగితము పట్టుగుడ్డవలె నిగనిగలాడునపుడు వేసిన రంగు పారదు, గట్టి అంచును కట్టదు. మంచులోని కొండను ఈ క్షణమునందే వ్రాయవలెను. నిగనిగ పోయి, చేతికి చల్లగా తగులుచున్నపుడు కుంచెను దూరముగా నుంచవలెను. అప్పుడు నీటిచుక్క పడినచో రంగును త్రోసికొనిపోయి గోబిపువ్వువంటి మరకను మిగుల్చును. పూర్తిగా ఆరిన తరువాత దగ్గరి చెట్టును, బండను, ఇంటికప్పును గట్టి అంచులతో వ్రాయవచ్చును. ఈ నాలుగు దశలు తెలిసినవానికి విద్యలో సగము తెలిసినట్లే. మన వైశాఖపు ఎండలో రెండవదశ నిలుచు కాలము బహు స్వల్పము. కనుక వేసవిలో కాగితమును రెండువైపుల తడిపి, క్రింద తడిగుడ్డ పరచి, సూర్యుడు పైకి రాకముందే పని ముగించుకొనవలెను. చలిదినములలో ఆ తొందర లేదు.

ఏమి వ్రాయవలెను? మన ఋతువులే పాఠ్యగ్రంథము. కొండలు పడమటనుండుటచేత ఉదయము వెలుతురు మన వీపువెనుకనుండి కొండమీద పడును. అప్పుడు కొండమీది చెట్టు, చరియ స్పష్టమగును. సాయంకాలము సూర్యుడు కొండవెనుకకు పోవును. కొండ చీకటి పలకయై, దాని ముందరి ధూళియు పొగయు వెలుగును. ఒకే కొండ రెండు చిత్రములు. జ్యేష్ఠాషాఢములలో తోతాపురి కాయలు మార్కెట్టుకు తరలు దినములలో బాటమీది ధూళిని చూడుడు. ఈశాన్య ఋతుపవనము వచ్చు ఆశ్వయుజ కార్తికములలో వానను చూడుడు. మన భాషలో వానకు ఎన్ని పేర్లున్నవో కుంచెకు అన్ని పనులున్నవి. తుంపరలో దూరపు కొండ పలుచబడును గాని మాయము కాదు. ముసురులో కాగితమంతయు ఒకే బూడిదవర్ణము, నీడలుండవు. జడివానలో ఆకాశమునుండి నేలకు తెర దిగును; కొండ సగము తెగిపోవును. మార్గశిర పుష్యములలో కనుమయందు మంచు పల్లములలో నిలిచి, కొండశిఖరములు దీవులవలె తేలును. గానుగలు ఆడు కాలమున పొగను గమనింపుడు. నల్లని కొండముందర ఆ పొగ నీలముగా తోచును. అదే పొగ పైకెగసి వెలుతురుగల ఆకాశముముందరికి రాగానే గోధుమవన్నెగా మారును. పొగ ఒకటే, వెనుకనున్నది మారినది. ఈ ఒక్క సంగతిని స్వయముగా కనిపెట్టిన పిల్లవాడు నూరు బొమ్మలను చూచి గీసిన పిల్లవానికంటె ఎక్కువ నేర్చినవాడగును.

ఇదంతయు ఎందులకని పెద్దలు కొందరు అడుగుదురు. ఆ ప్రశ్న న్యాయమైనదే. ఈ విద్య అందరికి అన్నము పెట్టునని నేను చెప్పను; పెట్టదు. చేతిలో ఫోనుండగా క్షణములో ఛాయాచిత్రము తీయవచ్చునే యందురు. తీయవచ్చును, తీయవలెను కూడ. కాని ఛాయాచిత్రము తీసినవాడు ఆ స్థలమును ఒక క్షణము చూచును. చిత్రము వ్రాసినవాడు రెండు గంటలు చూచును. ఆ రెండు గంటలలో నీడ ఎటు జరిగినదో, గాలి ఎటు మారినదో, చెరువునీటిపైకి కొండరంగు ఎప్పుడు దిగినదో వానికి తెలియును. పెద్ద రైతునకు ఈ చూపు పుట్టుకతోనే వచ్చినది. మబ్బును చూచి మాట చెప్పగలడు. మన పిల్లలలో ఆ చూపు తగ్గుచున్నది. బడిలో చిత్రలేఖనపు గంట పరీక్షలు దగ్గరపడగానే లెక్కలకు పోవుచున్నది. లెక్కలు కావలెను. కాని కన్ను మూసికొని నేర్చినది నిలువదు.

ఇంకొక కారణము ఇంతకంటె బరువైనది. మన చుట్టునున్న నేల మారుచున్నది. చిత్తూరు జిల్లాలో గ్రానైటు రాతికొరకు గుట్టలను కోయుచున్నారు. చిత్తూరు–బెంగుళూరు రహదారి వెడల్పైనది. చెరువులలో పూడిక చేరుచున్నది. కొన్ని మార్పులు మన మేలుకొరకే. ఆ రహదారిమీదనే మన మామిడి పోవుచున్నది. నీటిరంగుల చిత్రము గుట్టను కోయు యంత్రమును ఆపజాలదు. కాని ఏమి పోయినదో చెప్పుటకైనను ఒకరు దానిని చూచియుండవలెను. రెండువందల ఏండ్లక్రితము పరదేశి సైన్యము మన కనుమను దాటి పోయిన సంగతి పుస్తకములలో నున్నది. ఆనాడు ఈ యూరివారికి ఆ కనుమ ఏ రంగున కనబడెనో తెలుపు కాగితము ఒక్కటియు మనయొద్ద లేదు. రాబోవు తరము మనలను గురించి ఇదే మాట అనకుండ చూచుకొనుట మన చేతిలోని పని.

కనుక ఈ గ్రంథాలయమునకు ఒక చిన్న సూచన చేయుచున్నాను. చెరువుకట్టమీద ఒక బండను ఎన్నుకొనుడు. సంవత్సరమునకు నాలుగు సారులు, వేసవిలో ఒకటి, మామిడికోతలలో ఒకటి, కార్తికపు వానలలో ఒకటి, పుష్యపు మంచులో ఒకటి, ఆ బండమీదనే కూర్చుండి, పడమటి కొండనే, ఊరిలోని ఒక బాలుడుగాని బాలికగాని వ్రాయవలెను. చిత్రము గొప్పగా నుండవలెనను నిబంధన వలదు. చూచి వ్రాసినదై యుండవలెనను నిబంధన చాలును. వెనుక తేదీ, గంట, గాలి దిక్కు, వాన పడినదో లేదో వ్రాయవలెను. హాంప్‌స్టెడ్ గుట్టమీద కాన్‌స్టబుల్ చేసినది ఇదియే. గ్రంథాలయములో ఒక సొరుగును దీనికి ప్రత్యేకింపుడు. చిత్రములను ఎండ తగులనిచ్చి గోడకు వ్రేలాడదీయక, మధ్యమధ్య మంచి కాగితములను పరచి పండబెట్టుడు. చెమ్మ, చెదలు చేరకుండ ఏటేట వర్షములు వెలిసిన పిమ్మట సొరుగును తెరచి నీడలో గాలి తగుల నిండు. ఖర్చు ఎంత? మంచి కాగితములు కొన్ని, మూడు రంగులు, రెండు కుంచెలు. ఏటికి చందాలలోనుండి తీసినను ఎవరికిని భారము కాదు.

ఇట్లు చేసినచో మరి 25 ఏండ్లకు జరుగు స్వర్ణోత్సవము నాటికి ఆ సొరుగులో 100 చిత్రములుండును. వానిని వరుసగా పరచినచో ఒక కొండయొక్క, ఒక చెరువుయొక్క, ఒక యూరియొక్క 25 సంవత్సరముల వాతావరణము కంటికి కట్టును. వర్షము తప్పిన యేడు చెరువు ఎట్లు కుంచించుకుపోయినదో, నిండిన యేడు కొండ దానిలో ఎట్లు నీడ పరచినదో, అందులో కనబడును. ఆ చిత్రములను వ్రాసిన పిల్లలు అప్పటికి పెద్దవారై, కొందరు పొలములలో, కొందరు పట్టణములలో, కొందరు విదేశములలో నుందురు. వారిలో ఒక్కరైనను నిజమైన చిత్రకారులైనచో అది లాభము. ఒక్కరును కాకపోయినను వారందరు తమ యూరి కొండను రెండేసి గంటలు నిదానముగా చూచినవారు. అదియును లాభమే.

ఈ గ్రంథాలయము ఇన్నాళ్లు పుస్తకములను ఎరవిచ్చినది. ఇకమీదట తన యూరి దృశ్యములను తానే కూర్చుకొను గ్రంథాలయమై వర్ధిల్లుగాక.